కంపెనీ చక్రాలే, మరి టైరు ఎక్కడ ఒరుసుకుంటోంది?

ఒక వానాకాలం నెల్లూరులో రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోంచి కారు దాటించాను. బంపర్ సగం మునిగింది. ఇంజన్‌లోకి నీళ్లు పోలేదు కదా, గండం గడిచిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత మా వీధి మలుపులో స్టీరింగ్ పూర్తిగా ఎడమకి కోసేసరికి ముందు నుంచి 'బర్ర్'మని శబ్దం. నేరుగా పోతే ఏమీ లేదు. గ్యారేజీలో చూపిస్తే బేరింగ్ పోయిందన్నారు. మార్చారు. శబ్దం అలాగే ఉంది. చక్రాన్ని కారు అడుగుకి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, దాని రబ్బరు బుష్షులన్నారు. అవీ మార్చారు. మళ్లీ అదే 'బర్ర్'. చివరికి ఒక ఆదివారం పొద్దున నేనే చాప పరుచుకుని పడుకుని టార్చి కొట్టి చూస్తే, కుడి చక్రం గూటి లోపల కప్పే ప్లాస్టిక్ లైనరు ముందు అంచు ఊడి టైరు మీదకి వాలి ఉంది. నీళ్ల తోపుకి రెండు క్లిప్పులు ఎగిరిపోయాయి. వాటి ఖరీదు రెండు టీల డబ్బులు. నేను అప్పటికి పెట్టిన ఖర్చు ఎనిమిది వేలు.

గ్యారేజీ వాళ్ల తప్పని కూడా పూర్తిగా అనలేను. నేను వెళ్లి "చక్రం దగ్గర శబ్దం వస్తోందన్నా" అన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు. శబ్దం మాత్రమే చెబితే ఎవరైనా ఊహించాల్సిందే. ఒరుసుకున్న చోట మరక ఉంటుంది. ఆ మరక చూపిస్తే ఊహ అక్కర్లేదు. ఆ మరకని ఇంటి దగ్గరే ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక దాన్నిబట్టి ఏం తేల్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక లెక్క ముందే మనసులో పెట్టుకోండి. కంపెనీ రిమ్ములు, కంపెనీ చెప్పిన సైజు టైర్లు ఉన్న కారులో టైరు దేనికీ తగలకూడదు. తగులుతోందంటే మూడిట్లో ఒకటి జరిగి ఉండాలి. టైరో రిమ్మో మారి ఉండాలి, లేదా బాడీ వైపు నుంచి ఏదో చక్రం మీదకి వచ్చి ఉండాలి, లేదా చక్రమే తన చోటు నుంచి పక్కకో, వెనక్కో, పైకో జరిగి ఉండాలి. మొదటి రెండూ రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతాయి. మూడోది చూడటానికి కొంచెం ఓపిక కావాలి. అందుకే ఈ వరసలోనే వెళ్దాం.

1. శబ్దం ఎప్పుడొస్తోందో రాసుకోండి

ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, అద్దాలు దించి, ఏసీ, పాటలు ఆపి నెమ్మదిగా నడపండి. కుడికి పూర్తిగా కోసి ఒక చుట్టు, ఎడమకి కోసి ఒక చుట్టు, రివర్స్‌లో రెండు వైపులా. తర్వాత ఒక స్పీడ్ బ్రేకర్. తర్వాత నేరుగా పోతూ ఒక మాదిరిగా బ్రేకు. ఏ పని చేసినప్పుడు వచ్చిందో, ఏ మూల నుంచి వచ్చిందో పక్కనున్న మనిషి ఫోన్‌లో రాసుకోవాలి. నడిపేవాళ్ల చెవి మోసం చేస్తుంది. ముందు ఎడమ చక్రం శబ్దం డాష్‌బోర్డు కింద నుంచి వచ్చినట్టే ఉంటుంది.

స్టీరింగ్ చివరిదాకా కోసినప్పుడే వస్తే ముందు చక్రాలు, వాటి చుట్టూ ఉన్న లైనర్లు చూడాలి. నలుగురెక్కి గుంతలో పడ్డప్పుడు వెనక నుంచి వస్తే వెనక స్ప్రింగులు, చక్రం మీదుండే బాడీ రేకు (ఫెండర్) అంచు. బ్రేకు కొట్టినప్పుడు ముందు నుంచి వస్తే లోయర్ ఆర్మ్ బుష్షుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. బ్రేకు పడగానే చక్రం వెనక్కి లాగబడుతుంది, బుష్షు చిరిగి ఉంటే ఆ లాగుడుకి చక్రం నిజంగానే వెనక్కి జరిగి లైనరు వెనక భాగానికి తగులుతుంది.

నేరుగా పోతున్నప్పుడు కూడా లయగా 'టప్ టప్' అంటే లెక్కపెట్టి చూడండి. మామూలు చిన్న కారు టైరు ఒక చుట్టుకి దాదాపు రెండు మీటర్లు పోతుంది. అంటే గంటకి 10 కిలోమీటర్ల వేగంలో సెకనుకి చుట్టున్నర కూడా తిరగదు. శబ్దం అదే లయలో వస్తోందంటే టైరు మీదే ఒక చోట ఏదో ఉంది. ఇరుక్కున్న రాయి కావచ్చు, మేకు కావచ్చు, టైరు పక్కన ఉబ్బు కావచ్చు. ఉబ్బు కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి స్టెప్నీ వేసుకోండి. ఉబ్బిన టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం.

2. ఒరిపిడి కాని వాటిని తీసేయండి

ఈ మధ్య మన వైపు కొత్త ఇళ్లలో పోర్టికోకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరుస్తున్నారు. అద్దంలా ఉంటుంది. దాని మీద నిలబడ్డ చోట స్టీరింగ్ తిప్పితే టైరు కీచుమంటుంది. అది రబ్బరు, రాయి మధ్య గొడవ, కారులో లోపం కాదు. ముందు రెండు చక్రాలు మలుపులో సరిగ్గా ఒకే కోణంలో తిరగవు, లోపలి చక్రం ఎక్కువ తిరుగుతుంది. చివరిదాకా కోసినప్పుడు ఏదో ఒక టైరు కొంచెం జారుతూ పోవాల్సిందే. తారు రోడ్డు మీద వినపడని ఆ జారుడు నున్నటి నేల మీద వినపడుతుంది. మట్టి రోడ్డు మీదకి తీసుకెళ్లి తిప్పి చూడండి. అక్కడ రాకపోతే వదిలేయండి.

రేకు మీద రేకు గీసినట్టు సన్నగా, ఎడతెరిపి లేకుండా వస్తే బ్రేకు డిస్కు వెనకున్న పల్చటి రేకు వంగి ఉంటుంది, లేదా డిస్కుకీ రేకుకీ మధ్య చిన్న గులకరాయి చేరి ఉంటుంది. కోసి యాక్సిలరేటర్ తొక్కితే 'టక్ టక్ టక్' అంటే ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. వేగం పెరిగేకొద్దీ పెరిగే 'ఊఁ' అనే మోత బేరింగుది. టైరు ఒరుసుకునే శబ్దం వీటన్నిటికంటే మొద్దుగా ఉంటుంది. గోనెసంచిని నేల మీద ఈడ్చినట్టు అనుకోండి.

3. టైరు మీద అంకెలు చదవండి

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. టైరు సైజు, గాలి ఎంత ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. ఇప్పుడు నాలుగు టైర్ల మీద సైజు చదవండి. నాలుగూ చదవండి, ఒకటి చదివి మిగతావీ అంతేలే అనుకోవద్దు. సెకండ్ హ్యాండ్ కారైతే మరీ ముఖ్యం. చక్రాలు చూడటానికి కంపెనీవే అయినా టైరు సైజు మారి ఉండటం నేను చాలాసార్లు చూశాను. షాపులో అడిగిన సైజు ఉండదు. "ఒక సైజు పెద్దది వేస్తున్నా సార్, గ్రిప్ బాగుంటుంది, మైలేజీకేం కాదు" అంటారు. మనం తలూపుతాం.

ఆ 'ఒక సైజు' ఎంతో లెక్క వేద్దాం. 185/65 ఆర్15 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 చిల్లర. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. రెండు పక్క గోడలూ కలిపితే మొత్తం టైరు ఎత్తు సుమారు 621 మి.మీ. అదే 195/65 ఆర్15 అయితే 634. అంటే చక్రం మధ్య నుంచి పైకి ఆరున్నర మి.మీ., పక్కకి అటు 5, ఇటు 5 పెరిగింది. వినడానికి చిన్న అంకెలే. కానీ ఇంకొకటి కలపండి. కొత్త టైరు గాడి లోతు దాదాపు 8 మి.మీ. ఉంటుంది. మీరు తీసేసిన అరిగిన టైరుది 2 ఉండి ఉంటుంది. అక్కడ ఇంకో ఆరు. పాత టైరుతో పోలిస్తే కొత్తది పైవైపు 12 మి.మీ. దాకా దగ్గరికి వచ్చిందన్నమాట. కొత్త టైర్లు వేయించిన రోజే శబ్దం మొదలైతే కారణం ఇంతకంటే దూరం వెతకొద్దు.

సైజు అంకెలు ఒకటే అయినా రెండు కంపెనీల టైర్లు అచ్చంగా ఒకే కొలతలో ఉండవు. కొన్ని భుజాల దగ్గర, అంటే గాడుల భాగం పక్క గోడతో కలిసే అంచుల దగ్గర, చతురస్రంగా, కొన్ని గుండ్రంగా ఉంటాయి. సరైన సైజు టైరు వేశాక సన్నగా తగులుతుంటే, పాత టైరుతో అప్పటికే అంచున ఉన్నదేదో ఇప్పుడు బయటపడింది అనుకోవాలి. తప్పు టైరుది కాదు, మిగతా అడుగులు చూడండి.

రిమ్ము సంగతి. ఒకే కంపెనీ వాళ్లదే ఇంకో మోడల్ రిమ్ము బోల్టులకి సరిగ్గా కూర్చోవచ్చు. కూర్చుంది కదా అని సరిపోయినట్టు కాదు. రిమ్ము లోపలి వైపు 'ఈటీ' అనే అక్షరాల పక్కన 40, 45 లాంటి అంకె పోసి ఉంటుంది. అది రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే కొలత, మిల్లీమీటర్లలో. 45 ఉండాల్సిన చోట 40 ఉంటే చక్రం 5 మి.మీ. బయటికి వచ్చి ఫెండర్‌కి దగ్గరవుతుంది. అంకె పెద్దదైతే లోపలికి పోతుంది. స్టెప్నీ వేసినప్పటి నుంచే శబ్దమంటే దాని రిమ్ము, సైజు కూడా చూడండి. నాలుగు చక్రాలదీ ఒక సైజు, స్టెప్నీది ఇంకో సైజు ఇచ్చే కార్లున్నాయి.

గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూసుకోవాలి. హైవే మీద ఎండలో వచ్చి పెట్రోల్ బంకులో చూస్తే ఎక్కువ చూపిస్తుంది. గాలి తక్కువుంటే పక్క గోడ ఉబ్బుతుంది, కారు కిందకి దిగుతుంది. చాలా కార్లలో ఫుల్ లోడుకి వెనక టైర్లకి గాలి ఎక్కువ పెట్టమని ఆ స్టిక్కరు మీదే ఉంటుంది, మనం చదవం.

4. మరక వెతకండి

అసలు పని ఇక్కడుంది, తొందరపడొద్దు. ఒక టార్చి, పాత గుడ్డ, చాప. కారుని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. స్టీరింగ్ కుడికి పూర్తిగా కోసి ఉంచండి. జాకీ ఇప్పుడే అక్కర్లేదు.

దుమ్ము మనకి సాయం చేస్తుంది. ఆ మాటకొస్తే మన రోడ్లంత సాయం ఇంకేవీ చేయవు. పొదిలి, కనిగిరి వైపు తిరిగొచ్చిన కారు లైనరు నిండా ఎర్రటి పొడి అంటుకుని ఉంటుంది. టైరు తగిలే చోట మాత్రం ఆ పొడి ఉండదు, ప్లాస్టిక్ నల్లగా నిగనిగలాడుతుంది. కాబట్టి కారు కడిగించుకొచ్చి మరక వెతకొద్దు. వెతికాకే కడిగించండి. రేకు మీద అయితే రంగు లేచిపోయి తెల్లటి లోహమో, దాని మీద పల్చటి తుప్పో కనిపిస్తుంది. తుప్పు పట్టిందంటే ఈ మరక పాతది, శబ్దం మీరు ఇప్పుడు గమనించారంతే.

ఎక్కడెక్కడ చూడాలి? స్టీరింగ్ కుడికి కోస్తే రెండు ముందు చక్రాల ముక్కులూ కుడికి తిరుగుతాయి. అంటే ఎడమ చక్రం ముందు భాగం కారు లోపలికి, వెనక భాగం బయటికి వస్తుంది. కుడి చక్రం అందుకు తలకిందులు, ముందు భాగం బయటికి, వెనక భాగం లోపలికి. కాబట్టి కుడికి కోసినప్పుడు ఎడమ చక్రం దగ్గర లైనరు వెనక అంచు, తలుపు కింద పట్టీ మొదలయ్యే చోటు చూడండి. కుడి చక్రం దగ్గర టైరు వెనక లోపలి వైపు, ఛాసిస్ పక్కన చూడండి. తర్వాత ఎడమకి కోసి ఇదే అద్దంలో చూసినట్టు మళ్లీ చేయండి.

ఇప్పుడు టైరుని చూడండి. గాడులున్న మధ్య భాగం మీద రుద్దిన గుర్తులుంటే పైనున్న లైనరు కప్పుకి తగులుతోంది. కారు ఎక్కువ దిగిపోతోందని అర్థం. బయటి భుజం మీదుంటే ఫెండర్ అంచు, బంపర్ మూల, లైనరు వెనక అంచు అనుమానితులు. లోపలి భుజం మీదుంటే ఛాసిస్ వైపు. బాగా లోపలి పక్క గోడ మీద సన్నటి గీతలా చుట్టూ ఉంటే అది వేరే కథ. ముందు చక్రం స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసున్న నిలువు కాడ) చక్రంతోపాటే తిరుగుతుంది, చక్రంతోపాటే పైకి కిందకి పోతుంది. స్టీరింగ్ ఎంత కోసినా, కారు ఎంత దిగినా టైరుకీ స్ట్రట్‌కీ మధ్య సందు పెద్దగా మారదు. అక్కడ తగులుతోందంటే టైరు వెడల్పైనా ఎక్కువై ఉండాలి, రిమ్ము అయినా మారి ఉండాలి, లేదా స్ట్రట్ వంగి ఉండాలి. మూడూ కాకపోతే స్ట్రట్ కింది బోల్టులు వదులయ్యాయేమో చూపించుకోవాలి. ఈ గుర్తు కనిపిస్తే హైవే ఎక్కొద్దు. పక్క గోడ తెగితే పంచరు కాదు, టైరే పోతుంది.

ఇంకో గుర్తు. టైరు చుట్టూ గీత ఉంటే, కదలని వస్తువేదో టైరుకి తగులుతోంది. టైరు మీద ఒక్కచోటే రుద్దుడు ఉంటే టైరే అక్కడ ఉబ్బింది, లేదా రిమ్ము వంగింది.

5. మరక దొరక్కపోతే సుద్దముక్క

బడి సుద్దముక్క తీసుకుని తడిపి, అనుమానమున్న టైరు రెండు భుజాల మీదా చుట్టూ మందంగా రాయండి. లైనరు మీద రాయాలంటే సున్నం నీళ్లలో కలిపి బ్రష్‌తో పూసినా సరిపోతుంది, ప్లాస్టిక్ మీద బాగా ఆరనివ్వండి. బ్రేకు డిస్కు మీద మాత్రం పడకూడదు. తర్వాత శబ్దం వచ్చే పని ఒక్కటే చేయండి. స్టీరింగ్ కోస్తే వస్తుందంటే రెండు చుట్లు కొట్టి ఆపండి, అంతే. ఊరంతా తిరిగొస్తే సుద్ద అన్నిచోట్లా పోతుంది, ఏదీ తేలదు. ఆపి చూస్తే సుద్ద ఎక్కడ చెదిరిందో, లైనరు మీద ఎక్కడ తెల్లగా అంటిందో కనిపిస్తుంది. వెంటనే ఫోటో తీసుకోండి. మా ఇంట్లో ముగ్గుపిండి తడిపి వాడాను, పని చేసింది. ఇంట్లో వాళ్లు మాత్రం ముగ్గు చుక్కలు చక్రానికెందుకని అడిగారు.

6. బాడీ వైపు ఏం జరిగింది

లైనరుని చేత్తో పట్టుకుని అన్నివైపులా ఊపండి. గట్టిగా ఉండాలి, డప్పులా కొట్టుకోకూడదు. క్లిప్పులు, స్క్రూలు ఎక్కడెక్కడ ఉండాలో రెండో వైపు లైనరు చూసి లెక్కపెట్టండి. ఒక వైపు ఏడుండి ఇంకో వైపు ఐదుంటే దొంగ దొరికినట్టే. నీళ్లలో దింపిన కార్లకి బంపర్ వెనక ముందు భాగం ఊడుతుంది. ఫుట్‌పాత్ అంచుకి బంపర్ గీరిన కార్లకీ అంతే. ముందు ఎప్పుడో బంపర్ ఊడదీసి రంగు వేయించి ఉంటే బిగించేటప్పుడు సగం క్లిప్పులు పెట్టకపోవడం మామూలే.

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల పొలం గట్ల మీద తిరిగే కార్లకి ఇంకో బాధ ఉంది. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు మీదకి తెచ్చే బురద లైనరు కిందా, వెనకా చేరి ఆరి పెంకులా గట్టిపడుతుంది. ఆ బరువుకి లైనరు వాలుతుంది, లేదంటే ఆ పెంకే టైరుకి తగులుతుంది. నీళ్లు పోసి నానబెట్టి కర్రతో తీసేయండి. స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు, బ్రేకు గొట్టం అక్కడే ఉంటుంది.

క్లిప్పులు స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి. పాతది ఒకటి చేతిలో పట్టుకెళ్లండి, రంధ్రం సైజులు రకరకాలు. అప్పటిదాకా ప్లాస్టిక్ ట్యాగుతో కట్టి నడపొచ్చు. కత్తిరించడం మాత్రం వద్దు. "అడ్డమొచ్చిన ముక్క కోసేద్దాం సార్" అనే మెకానిక్‌లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆ ముక్క పోతే టైరు చిమ్మే నీళ్లు, రాళ్లు నేరుగా వైరింగ్ మీదకి, ఫెండర్ రేకు లోపలికి పోతాయి.

ఇంతవరకే అయితే చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

7. చక్రం జరిగిందేమో కొలవండి

ఎప్పుడైనా పెద్ద గుంతలో పడ్డారా? గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద రాత్రిపూట ఎదురుగా లైట్లు కొడుతుంటే గుంత కనపడదు. 'ధడ్'మంటుంది. స్టీరింగ్ కొంచెం పక్కకి లాగడం మొదలవుతుంది. అలాంటి దెబ్బకి లోయర్ ఆర్మ్ కొద్దిగా వంగినా చక్రం వెనక్కి జరుగుతుంది. కంటికి తెలియదు, టేపుకి తెలుస్తుంది.

స్టీరింగ్ నేరుగా పెట్టి, కారు ఖాళీగా ఉంచి, నాలుగు కొలతలు తీసుకోండి. చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచుకి ఎత్తు. టైరు ముందు అంచు నుంచి లైనరుకి దూరం. టైరు వెనక అంచు నుంచి లైనరుకి దూరం. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి పొడవు. ఇవన్నీ కుడివైపూ ఎడమవైపూ తీసి పక్కపక్కన రాయండి. అసలు అంకెలెంత ఉండాలో మనకి అవసరం లేదు. కుడికీ ఎడమకీ ఎంత తేడా ఉందన్నదే విషయం. ఐదారు మి.మీ. తేడాని పట్టించుకోకండి, ఫెండర్ బిగింపులోనే అంత తేడా ఉండొచ్చు. సెంటీమీటరు దాటితే ఆగి ఆలోచించండి.

ఒక మోసం ఉందిక్కడ. వాన నీళ్లు పోవడానికి మన పోర్టికోలకి వాటం పెడతారు. ఆ వాటానికి కారు ఒక వైపు వాలి ఎత్తు కొలత తప్పు చూపిస్తుంది. అందుకని ఒకసారి కొలిచాక కారుని అదే చోట తిప్పి, ముందు భాగం అటు వచ్చేలా పెట్టి మళ్లీ కొలవండి. తక్కువున్న వైపు కారుతోపాటే తిరిగితే లోపం కారుది, అక్కడే ఉండిపోతే నేలది.

ఎత్తులో ఒక మూల తక్కువగా ఉంటే స్ప్రింగు చూడండి. కింది చుట్టు చివర విరిగి ముక్క పడిపోయి ఉండొచ్చు. మైపాడు, కృష్ణపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టి విరగడం వింత కాదు. టైరు వెనక సందు ఒక వైపు తగ్గి, అదే వైపు చక్రాల మధ్య పొడవు కూడా తగ్గి ఉంటే చక్రం వెనక్కి జరిగింది. లోయర్ ఆర్మ్, దాని వెనక బుష్షు చూపించుకోవాలి.

చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిందేమో చూడటానికి తాపీమేస్త్రీ గోడ నిటారు చూసే తూకపు గుండు చాలు. ఫెండర్ అంచు నుంచి దారం వేలాడదీసి, దారం నుంచి రిమ్ము పై అంచుకి, కింది అంచుకి దూరాలు కొలవండి. దారం టైరు ఉబ్బుకి తగలకూడదు. ఆ రెండింటి తేడా కుడిచక్రానికి, ఎడమచక్రానికి దాదాపు ఒకటిగా ఉండాలి. ఒక వైపు బాగా వాలి ఉంటే స్ట్రట్ వంగడమో, లోయర్ ఆర్మ్ చివర చక్రాన్ని పట్టే కీలు (బాల్ జాయింట్) వదులవడమో జరిగింది.

ఇక జాకీ. గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టి, మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ పెట్టండి. పైకెత్తాక స్టెప్నీని తలుపు కింది పట్టీ కిందకి తోయండి. జాకీ జారినా కారు దాని మీద కూర్చుంటుంది. జాకీ మీదున్న కారు కింద తల పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత కుడీ ఎడమా పట్టుకుని ఊపండి. పైకిందల్లో ఆడితే బేరింగో బాల్ జాయింటో, పక్కలకి ఆడితే స్టీరింగ్ తిప్పుడుని చక్రానికి అందించే టై రాడ్ చివర్లు. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక పుల్లని లైనరుకి ఆనించి టైరుకి దగ్గరగా కదలకుండా పట్టుకోండి. సందు ఒకచోట తగ్గి, మళ్లీ పెరిగితే టైరు ఉబ్బిందో రిమ్ము వంగిందో. చక్రం దింపాక బోల్టులు ఒకదానికి ఎదురు ఇంకోటి చొప్పున బిగించి, యాభై కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి చూసుకోండి.

స్టీరింగ్ ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ తిరుగుతోందా? ఈ మధ్యే టై రాడ్ పనో, అలైన్‌మెంటో (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించి ఉంటే ఒక వైపు రాడ్ పొడుగు, ఇంకో వైపు పొట్టి చేసి వదిలేసి ఉంటారు. చక్రాలు నేరుగానే ఉంటాయి, కానీ ఒక వైపు కోసినప్పుడు ఉండాల్సిన దానికంటే ఎక్కువ తిరిగి తగులుతాయి. రెండు రాడ్ల మీదా బయటికి కనిపించే మరలు లెక్కపెట్టి పోల్చితే తెలిసిపోతుంది.

8. వెనక చక్రాలకి బియ్యం బస్తాలు

ఖాళీగా ఉన్నప్పుడు మాట్లాడని కారు పెంచలకోనకి ఇంటిల్లిపాదీ బయల్దేరిన రోజు మాట్లాడుతుంది. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను, స్పీడ్ బ్రేకర్ దిగగానే 'గర్'. ఇది ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఖాళీ కారుకి వెనక ఫెండర్ ఎత్తు రెండు వైపులా రాసుకోండి. 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు, రెండు వెనక సీటు మీద, రెండు డిక్కీలో పెట్టి మళ్లీ కొలవండి. వంద కిలోలకి రెండు వైపులా ఒకేలా దిగాలి. ఒక వైపు ఎక్కువ దిగితే ఆ స్ప్రింగు అలిసిపోయింది. రెండూ సమానంగానే దిగి, అయినా టైరుకీ ఫెండర్ అంచుకీ మధ్య వేలు దూరే సందు కూడా లేకపోతే రెండు స్ప్రింగులూ కుంగిపోయాయి. స్ప్రింగులు ఎప్పుడూ జతగానే మార్చండి.

తర్వాత సీఎన్‌జీ కిట్ పెట్టించారా ఆలోచించండి. డిక్కీలో ఉక్కు సిలిండరు ఒక మనిషంత బరువు. కారు దృష్టిలో ఆ మనిషి ఎప్పుడూ దిగడు. పాత స్ప్రింగుల మీద ఆ బరువు పెట్టి, పైన నలుగురెక్కితే ఒరుసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు దిమ్మలు అమ్ముతుంటారు. కారు లేస్తుంది నిజమే. కానీ విరిగిన స్ప్రింగునో, చిరిగిన బుష్షునో అవి కప్పిపెడతాయి. నా మాట వింటే, కారణం తెలిసేదాకా వాటి జోలికి పోవద్దు. ఫెండర్ అంచుని సుత్తితో మడవడం కూడా అంతే. రంగు పగిలి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

9. గ్యారేజీలో ఏం చెప్పాలి

"శబ్దం వస్తోంది" అనొద్దు. "కుడికి పూర్తిగా కోస్తే కుడి ముందు టైరు లోపలి భుజం ఛాసిస్ వైపు తగులుతోంది, ఇదిగో ఫోటో, వెనక సందు ఎడమ కంటే 14 మి.మీ. తక్కువుంది" అనండి. ఏ మేస్త్రీ అయినా "ఏందన్నా, సరిగ్గా చెప్పావే" అని నేరుగా ఆ చోటికే పోతాడు. పోకుండా ఇంకేదో మార్చాలంటే, మార్చితే ఈ 14 ఎంతవుతుందో అడగండి.

అలైన్‌మెంట్ ఆఖర్న చేయించాలి. వంగిన ఆర్మ్ మీద ముందే అలైన్‌మెంట్ చేస్తే వంకరకి తగ్గట్టు సర్దినట్టవుతుంది, ఆర్మ్ మార్చాక మళ్లీ డబ్బులు కట్టాలి. ముందు, తర్వాత అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి. చాలా చిన్న కార్లలో ఆ యంత్రం దగ్గర సర్దగలిగేది ముందు చక్రాల టో, అంటే వాటి ముక్కులు లోపలికో బయటికో తిరిగిన కోణం, ఒక్కటే. క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) ఎర్రగా చూపిస్తూ ఉండిపోతే అది సర్దుబాటుతో పోయేది కాదు, ఏదో భాగం వంగో, అరిగో ఉంటుంది.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు, మొదట ఫోన్‌లో రాసుకున్నది తీసి అవే మలుపులు, అదే స్పీడ్ బ్రేకర్, అదే రివర్స్ మళ్లీ కొట్టండి. పాత మరకని గుడ్డతో తుడిచి దాని మీద సుద్ద పూయండి. వారం తిరిగాక ఒక పొద్దున టార్చి కొట్టి చూడండి. సుద్ద అలాగే ఉంటే సరే. చెదిరి ఉంటే నాలుగో అడుగు నుంచి మళ్లీ మొదలు.